మూడు జానల పైన

ఎనభయ్యారు గీత పసుపురంగు.
అత్తగారు కొమ్ము అరగదీసి వేలితో గీసిందట.
ఎన్నిసార్లు సున్నం వేసినా
ఆ గీత మీదికి మాత్రం కుంచె పోనివ్వలేదు.
రెండువేల ఆరుది బొగ్గు.
ఇరవై రెండుది నాది, పాప స్కెచ్ పెన్నుతో,
కుర్చీ మీద నిలబడి గీశాను,
చెయ్యి వణికి వంకరపోయింది.

ఈ ఏడు ఆ మూడింటికీ మూడు జానల పైన
ఓ అటక కట్టాలనుకున్నా.
"గోదారికి కొలతలు చెప్తావా?" నవ్వాడు పెద్దిరాజు.
గోదారికెందుకు చెప్తాను,
నా సామాన్లకి చెప్తాను.

కాళ్లకి సరుగుడు బాదులు నాలుగు.
పైకి, రేవులో విప్పేసిన నావ చెక్కలు,
తారు వాసన ఇంకా పోలేదు.
డ్రిల్లు మిషను వెల్డింగు కోటిలింగం దగ్గర అరువు.
గోడ పాతది. కన్నం వేస్తుంటే
బెల్లప్పొడిలా రాలింది.
వెదురు చీలిక చెక్కి అందులో దిగ్గొట్టి
స్క్రూ తిప్పాను. పట్టింది.
పట్టిన చప్పుడు నాకు తెలుసు,
మిషను మీద సూది విరగబోయే ముందు
చప్పుడు తెలిసినట్టే.

యూరియా సంచి విప్పి అరలు కుట్టాను.
అరకి రెండు ఖాళీ సీసాలు, మూతల చుట్టూ మైనం.
పాప కొలతలకి ఓ తేలే చొక్కా.
దానికి కాలరెందుకే అంది అత్తగారు.
ఏం చెప్పను, అలవాటు.
పంటకాలవలో తొడిగి వదిలితే
బాతులా తిరిగింది పిల్ల,
ఒడ్డుకి రమ్మంటే రానంది.

అగ్గిపుల్లలు మైనంలో ముంచి ఆరబెట్టాను.
ఆటోలోంచి తీసేసిన బ్యాటరీకి బల్బుల పట్టీ తగిలించాను.
అటుకులు, బెల్లం, పటికముక్క, బీపీ మాత్రలు,
ఇంటి పట్టా, పాస్‌బుక్కు,
అన్నీ ఇనప్పెట్టెలో. పెట్టె అటక మీద.
పెట్టెకి తాళం.
తాళంచెవి మేకుకి.

శ్రావణంలో ఏటికి ఎర్రనీరు తగిలింది.
ధవళేశ్వరంలో రెండో హెచ్చరికని
మైకులో అరిచిపోయారు.
చీకటిపడకుండానే కాజ్‌వే మునిగింది.
పెద్దిరాజు అవతలి ఒడ్డున.
అతని మొలతాడుకి నా తాళంచెవి.
ఎందుకు తీశావయ్యా అంటే
ఫోనులో, ఛార్జింగు అయిపోయే ముందు, అన్నాడు:
"పోతుందేమోనని."

నీళ్లు గడప దాటి వచ్చి
పేరంటానికి పిలిచినట్టు
తీరిగ్గా మంచం పట్టె దాకా ఎక్కాయి.
చీకటి. తాళం. తలపైన అన్నీ ఉన్నాయి.
అత్తగారు నడుంలోతు నీళ్లలో తడుముకుంటూ వెళ్లి
రోకలి తెచ్చి అందించింది, మాటా పలుకూ లేకుండా.
మూడో దెబ్బకి తాళం ఊడలేదు,
గొళ్లెమే ఊడింది.

మైనంపుల్ల గీశాను. అంటుకుంది.
పట్టీ వెలిగేసరికి
కిటికీలోంచి వెలుగు నీళ్ల మీద పొడుగ్గా పరుచుకుంది.
ఆ దారి పట్టుకుని వచ్చారు,
భాస్కరమ్మ, మెడ చుట్టూ మేకపిల్లతో,
రొయ్యల చెరువు కాపలా కుర్రాడు,
ఎవరిల్లో తెలీని ఇద్దరు పిల్లలు,
ఒకడి నోట్లో ఇంకా బడి ఈల.

అటక మీద నేను లెక్కేసింది
ఓ పెట్టె, ఓ పిల్ల, ఓ ముసలమ్మ.
ఎక్కినవాళ్లు ఐదుగురు, మేక కాక.
మేమిద్దరం కుట్టుబల్ల మీద.
ఓ అర్ధరాత్రప్పుడు బాదు కిర్రుమంది.
ఎవరూ కదల్లేదు.
ఊపిరి కూడా కాస్త తగ్గించి పీల్చుకున్నాం.
మేక ఒక్కటే నిశ్చింతగా
అటుకుల సంచి మూల నమిలింది.

నీరు తీశాక, బురద ఎత్తిపోశాక,
బట్టల మీద గీసే సుద్దతో కొత్త గీత గీశాను,
పసుపు గీతకి జానెడు కింద.
పక్కన చిన్న అక్షరాలతో రాశాను:
తాళం వద్దు.

పెద్దిరాజు చదివాడు.
మొలతాడు విప్పి, తాళంచెవిని
మళ్లీ మేకుకి తగిలించాడు.
దానికి తాళం లేదు, పెట్టెకి గొళ్లెం లేదు.
ఉండనిచ్చాను.

కోటిలింగం రెండుసార్లు కబురంపాడు,
డ్రిల్లు ఇంకా ఇవ్వలేదు.
రెండో అటక వాళ్లింట్లోనే వేస్తున్నానని
చెప్పి పంపాను.